మన్యమా, స్పితియా, మనాలి–లేహ్‌నా? ఒంటరిగా కొండదారి పట్టే సైకిలిస్టుకి మొదటి దారి ఏది

మనాలి నుంచి లేహ్ వెళ్లే రోడ్డు మీద దార్చా అనే చిన్న ఊరుంది. అది దాటాక రూమ్‌ట్సే వచ్చేదాకా సుమారు 250 కిలోమీటర్లు. ఆ మధ్యలో ఏడాది పొడవునా మనుషులుండే ఊరు ఒక్కటి కూడా లేదు. వేసవి నాలుగు నెలలూ వేసే గుడారాల ధాబాలు, సైన్యం క్యాంపులు, రోడ్డు పనివాళ్ల రేకుల షెడ్లు, అంతే. కారులో ఒక్క రోజులో దాటేస్తారు. సైకిల్ మీద ఐదారు రోజులు పడుతుంది.

మా మన్యంలో పాడేరు నుంచి చింతపల్లి వైపు గంటసేపు తొక్కితే రెండు మూడు ఊళ్లు తగులుతాయి. ఎవరో ఒకరు పశువులు తోలుకుంటూ ఎదురొస్తారు. స్కూలు పిల్లలు వెంట పరిగెడతారు.

ఒంటరిగా కొండల్లో సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు నన్ను ఈ మూడు దారుల గురించే ఎక్కువగా అడుగుతుంటారు: తూర్పు కనుమల్లోని మన్యం, హిమాలయాల్లో సిమ్లా నుంచి స్పితి లోయ, మనాలి–లేహ్. మూడూ నేను తొక్కినవే. మన్యం నాలుగుసార్లు, స్పితి ఒకసారి. మనాలి–లేహ్ మొదటిసారి సగంలో వెనక్కి వచ్చి, మరుసటేడు పూర్తి చేశాను. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి ఒంటరి ప్రయాణానికి మన్యం. రెండోదానికి స్పితి, అదీ సిమ్లా వైపు నుంచే. మనాలి–లేహ్ ఈ రెండూ అయ్యాకే. కాళ్లలో బలం ఎంతున్నా ఈ వరస మార్చొద్దనే అంటాను.

గుమ్మం లెక్క

దారి ఎంచుకునేటప్పుడు అందరూ మొదట అడిగేది ఎత్తు ఎంత, రోజుకి ఎన్ని కిలోమీటర్లు అని. నేను మొదట చూసేది ఒక ఇంటి గుమ్మానికీ తర్వాతి ఇంటి గుమ్మానికీ మధ్య దూరం. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు సైకిల్ దగ్గర ఉంటారు, ఇంకొకరు సాయానికి వెళ్తారు. ఒకరు తడబడి మాట్లాడుతుంటే రెండోవాళ్లకి తెలుస్తుంది. ఒక్కరే వెళ్లినప్పుడు ఆ రెండో మనిషి పని దారిలోని ఊరే చేయాలి. మన్యంలో పెద్ద రోడ్డు మీద ఈ గుమ్మం దూరం ఐదారు కిలోమీటర్లు. సిమ్లా మీదుగా స్పితిలోని కాజా ఊరి దాకా 20, 30. మనాలి–లేహ్ మీద పైన చెప్పిన 250.

దీనికి తోడు ఇంకొకటి చూడాలి: ఒంట్లో బాగాలేకపోతే కిందికి దిగే దారి ఎటు ఉంది? మన్యంలో ఎటు వెళ్లినా కిందికే. స్పితికి సిమ్లా నుంచి వెళ్తే కింద ఎప్పుడూ మన వెనకే ఉంటుంది. మనాలి–లేహ్‌లో కొన్ని చోట్ల వెనక్కి వెళ్లాలన్నా, ముందుకి వెళ్లాలన్నా మొదట పైకి ఎక్కాలి. దాని గురించి తర్వాత వివరంగా రాస్తాను.

మన్యం: ఇంటి పక్కనున్న పెద్ద దారి

నేను చెప్పే దారి ఇది. విశాఖపట్నంలో బయలుదేరి ఎస్.కోట, తైడ, అనంతగిరి మీదుగా అరకు. అక్కడి నుంచి హుకుంపేట, పాడేరు, లంబసింగి, చింతపల్లి. తర్వాత కొండ దిగి కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం. ఓపిక ఉంటే మారేడుమిల్లి ఎక్కి దిగి, రాజమండ్రిలో ముగించవచ్చు. 400 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. నిదానంగా తొక్కితే 7, 8 రోజులు.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, లంబసింగి 1,000కి దగ్గర. ఈ ఎత్తులో ఊపిరి సమస్య రాదు. అందుకని తేలికే అనుకుంటే మాత్రం మొదటి రోజే కాళ్లు పట్టేస్తాయి. సముద్రం ఒడ్డు నుంచి బయలుదేరి ఎస్.కోట దాటాక ఒక్కసారిగా ఘాట్ మొదలవుతుంది. పైకి చేరాక కూడా చదును అనేది తక్కువ. హిమాలయాల్లో రోడ్డు ఒక కనుమ కోసం రోజంతా ఒకే తీరుగా ఎక్కుతుంది. మన్యంలో రెండు కిలోమీటర్లు ఎక్కి, ఒకటి దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కాలి. పాడేరు చుట్టుపక్కల ఒక్కో రోజు ఈ చిన్న ఎక్కుళ్లన్నీ కలిపితే హిమాలయాల్లో ఒక రోజు ఎక్కే దానికి దగ్గరగా వస్తుంది. అందుకే దీన్ని మించిన తర్ఫీదు మనకి ఇంకెక్కడా లేదంటాను.

ఒక డిసెంబరులో హుకుంపేట దాటిన తర్వాత తుపాను మబ్బు కమ్మేసింది. చినుకులు మొదలవుతుండగా రోడ్డు పక్క పెంకుటింటి ముందు ఒక ముసలావిడ, కాఫీ పళ్లు ఎండబోసిన టార్పాలిన్ లాగలేక అవస్థ పడుతోంది. సైకిల్ కంచెకి ఆనించి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆ కుప్పని చుట్టచుట్టి అరుగు మీదికి చేర్చాం. చేతులకి ఎర్రటి జిగురు, కాస్త పులిసిన వాసన.

"ఏ ఊరు బాబూ?"

"విశాఖపట్నం పెద్దమ్మా."

"సైకిల్ మీదే వచ్చీసినావా? ఒక్కడివేనా?"

"ఒక్కడినే."

"ఇంటికాడ ఎవరూ లేరా?"

"అమ్మ ఉంది పెద్దమ్మా."

"ఆవిడికి తెలుసునా, నువ్విలా వచ్చినట్టు?"

తెలుసంటే అప్పుడు లోపలికి వెళ్లి స్టీలు గిన్నెలో చోడి అంబలి, ఒక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చి పెట్టింది. వాన వెలిసేదాకా రెండు గంటలు ఆ అరుగు మీదే ఉన్నాను. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది. నేను గుమ్మం లెక్క అంటున్నది ఈ గుమ్మం గురించే.

ఈ దారిలో నాకు ఇంకో ఇష్టం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసి తుపాకులు తీసుకెళ్లింది. ఆ మూడు ఊళ్లనీ మనం అదే వరసలో దాటుతాం. తారు రోడ్డు మీద, గేర్ల సైకిల్ మీద కూడా ఆ దూరం ఒళ్లు అలిసేలా చేస్తుంది. వాళ్లు వానాకాలం అడవిలో కాలినడకన, మూడు రోజుల్లో దాటారు. కృష్ణదేవిపేటలో రామరాజు సమాధి దగ్గర ఒక పూట ఆగండి.

బయటపడే మార్గాలు కూడా ఇక్కడ బోలెడు. అరకులో కాలు బెణికితే కిరండూల్ రైలు ఉంది. పాడేరులో ఆర్టీసీ డిపో, జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. మిగతా చోట్ల సర్వీసు జీపు ఆపి, సైకిల్ పైన కట్టేసి సంత ఊరికి చేరిపోవచ్చు.

జాగ్రత్తలు నాలుగు చెప్పాలి. చింతపల్లి నుంచి సీలేరు, డొంకరాయి మీదుగా మారేడుమిల్లి వెళ్లే అడవి దారి చాలా అందంగా ఉంటుంది, కానీ అక్కడ ఊళ్లు దూరం దూరం. మొదటిసారి ఒంటరిగా అటు వెళ్లకండి. 516-ఇ జాతీయ రహదారి విస్తరణ పనులు జరిగిన చోట్ల వానపడితే ఎర్రమట్టి బురద చైన్‌లోకి చేరి గేర్లు పడవు, సాయంత్రానికల్లా కడిగి నూనె వేయాలి. మన్యం దోమలని తేలిగ్గా తీసుకోవద్దు, మలేరియా ఇంకా ఉంది. పొడుగు చేతుల చొక్కా, దోమతెర లేదా పూసుకునే క్రీము ఉండాల్సిందే. తిరిగొచ్చాక కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుకి ఈ ప్రయాణం సంగతి చెప్పండి. ఇక ఊరకుక్కలు. సైకిల్ వేగంగా కదిలేకొద్దీ వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని కుక్కకీ మనకీ మధ్యలో పెట్టుకుని నడిస్తే చాలావరకు ఆగిపోతాయి. చెక్‌పోస్టుల్లో సంచులు విప్పి చూడటం మామూలే, ఆధార్ కార్డు పైజేబులో పెట్టుకుంటే చాలు.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి. నవంబరులో వలిసె పూలతో కొండవాలులన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సున్నా డిగ్రీలకి దగ్గరగా పడిపోతుంది కాబట్టి స్వెట్టరు, గ్లౌజులు తప్పవు. తుపాను హెచ్చరిక ఉంటే బయలుదేరడం వాయిదా వేయండి.

స్పితి: ఏ వైపు నుంచి వెళ్తున్నారన్నదే అసలు సంగతి

స్పితికి రెండు తలుపులు. ఒకటి మనాలి నుంచి కుంజుమ్ కనుమ మీదుగా. ఇంకొకటి సిమ్లా నుంచి కిన్నౌర్ జిల్లా మీదుగా. దూరం తక్కువ కదా అని చాలామంది మనాలి వైపు నుంచి మొదలుపెడతారు. 2,050 మీటర్ల మనాలి నుంచి మూడు నాలుగు రోజుల్లో సుమారు 4,550 మీటర్ల కుంజుమ్ ఎక్కేస్తారు. అదే దారిలో రోడ్డు కూడా అధ్వానం. సైకిల్ మీద, అందులోనూ ఒంటరిగా, ఆ పని చేయొద్దు.

సిమ్లా నుంచి వెళ్తే దారే మన శరీరానికి ఎత్తు అలవాటు చేస్తుంది. సిమ్లా 2,200 మీటర్లు. నార్కండా 2,700. అక్కడి నుంచి సట్లెజ్ ఒడ్డుకి దిగితే రాంపూర్ 1,000 దగ్గర ఉంటుంది, ఆ రోజు ఎండకి మన గోదావరి జిల్లాలు గుర్తొస్తాయి. తర్వాత నెమ్మదిగా ఎక్కుతూ రెకాంగ్ పియో, దాని పైన 2,960 మీటర్ల కల్పా. అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగండి. ఎదురుగా కిన్నర్ కైలాస్ శిఖరం, చుట్టూ ఆపిల్ తోటలు. తర్వాత ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి నాకో అనే ఊరికి ఎక్కడం ఈ దారి మొత్తంలో కష్టమైన రోజు. ఒకే కొండ ముఖం మీద రోడ్డు అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది, నీడ ఉండదు, కింద నది దారంలా కనిపిస్తుంది. నాకో ఊరి ఎత్తు 3,660 మీటర్లు. ఆ మర్నాడు దిగి తాబోలో పడుకుంటారు, అది 3,280. అక్కడి మఠం క్రీ.శ. 996లో కట్టింది. మట్టిగోడల లోపల చీకట్లో వెయ్యేళ్లు దాటిన బొమ్మలు. అక్కడి నుంచి కాజా ఒక రోజు దారి.

కాజా చేరేసరికి పది రోజులు దాటిపోతాయి. ఆ పది రోజులే మందు. కాజాలో రెండు మూడు రోజులు ఉండి, బరువంతా గదిలో పెట్టేసి 4,100 పైనున్న కీ మఠానికో, 4,400 మీటర్ల హిక్కిమ్ పోస్టాఫీసుకో ఎక్కి రండి. పగలు పైకి ఎక్కి రాత్రి కిందికొచ్చి పడుకోవడం శరీరానికి చాలా మంచిది. హిక్కిమ్ నుంచి అమ్మకి రాసిన కార్డు నేను ఇంటికొచ్చిన పది రోజులకి వచ్చింది.

అసలు నిర్ణయం కాజాలో తీసుకోవాలి. కుంజుమ్ మీదుగా ముందుకా, బస్సెక్కి వెనక్కా? లోసర్ ఊరు దాటితే కోక్సర్ దాకా సుమారు 80 కిలోమీటర్లు, మధ్యలో బాతల్, ఛత్రు దగ్గర వేసవి ధాబాలు మాత్రమే. రోడ్డు అనే మాటకి అక్కడ అర్థం గుండ్రాళ్లు. వాగులు రోడ్డు మీదుగానే పారతాయి. వాటిలో ఒకదాని పేరే పాగల్ నాలా. మంచు కరిగే నీళ్లు కాబట్టి పొద్దున్న మోకాలు లోతున్నది మధ్యాహ్నానికి తొడ దాటుతుంది. నేను ఛత్రు నుంచి ఐదున్నరకే బయలుదేరి దాన్ని దాటాను. సంచులు ముందు, సైకిల్ తర్వాత, రెండు విడతలు. ఒడ్డున కూర్చుని మేజోళ్లు వేసుకుంటుంటే వేళ్లకి స్పర్శ రావడానికి పావుగంట పట్టింది. ఆరోగ్యం, వాతావరణం రెండూ బాగుంటేనే ముందుకి వెళ్లండి. ఏ మాత్రం అనుమానమున్నా కాజా నుంచి హిమాచల్ ఆర్టీసీ బస్సు మీద సైకిల్ వేసుకుని వచ్చేయండి. సిమ్లా నుంచి కాజా దాకా తొక్కిందే నిండు ప్రయాణం.

జులై, ఆగస్టుల్లో ఈ దారి వద్దే వద్దు. స్పితిలో వాన తక్కువే, నిజమే, కానీ అక్కడికి చేర్చే కిన్నౌర్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి. 2021 ఆగస్టు 11న నిగుల్‌సరి దగ్గర కొండ విరిగి బస్సు మీద, ఇతర వాహనాల మీద పడి 28 మంది చనిపోయారు. సైకిల్ మీద ఉన్నవాళ్లకి ఒక మేలుంది, పైనుంచి గులకరాళ్లు రాలే చప్పుడు వినపడుతుంది. అందుకే ఆ దారిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు. నాకు నచ్చిన కాలం సెప్టెంబరు. కిన్నౌర్‌లో ఆపిల్ కోతలు, ఆకాశం తేటగా ఉంటుంది.

మనాలి–లేహ్: గొప్ప దారే, మొదటి దారి మాత్రం కాదు

దీని అందం గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు, బారాలాచా సుమారు 4,890, నకీ లా 4,740, లాచులుంగ్ లా 5,060, చివర్లో టంగ్‌లాంగ్ లా 5,330 దగ్గర. ఐదు కనుమలు, సుమారు 475 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక వాహనాలు చాలావరకు అటు మళ్లి రోహ్‌తాంగ్ పాత రోడ్డు సైకిళ్లకి ఎంతో హాయిగా మారింది. ఆ దారినే వెళ్లండి, శరీరానికి మొదటి అలవాటు కూడా అక్కడే అవుతుంది.

సమస్య సర్చూలో ఉంది. సర్చూ 4,290 మీటర్లు. వెనక్కి తిరిగితే 4,890 బారాలాచా, ముందుకి వెళ్తే 5,060 లాచులుంగ్. అక్కడ ఎత్తు జబ్బు చేస్తే దానికి ఉన్న అసలు మందు కిందికి దిగడమే, కానీ దిగాలంటే ముందు 600 మీటర్లు ఎక్కాలి. 5,000 మీటర్ల దగ్గర గాలిలో మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

మొదటిసారి నాకు జరిగింది అదే. 3,200 మీటర్ల జిస్పా నుంచి ఒకే రోజు 4,270 జింగ్‌జింగ్‌బార్ ఎక్కేశాను. కాళ్లు బాగున్నాయి, ఇంకేం అనుకున్నాను. మర్నాడు సర్చూ. సాయంత్రం నుంచి తలనొప్పి. అన్నం పళ్లెం ముందుంది, తినబుద్ధి కాలేదు. రాత్రి పడుకుంటే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం, మళ్లీ పడుకోవడం. తెల్లవారాక ధాబా నడిపే ఆవిడ టీ ఇచ్చి, "ఒకే మాట మూడుసార్లు అడిగావు భయ్యా" అంది. నాకు తెలియనే లేదు. గుడారం బయట ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనించుకుంటూ తిన్నగా పది అడుగులు వేయబోతే నాలుగో అడుగుకే పక్కకి తూలాను. ఆవిడే రోడ్డు మీదికి వెళ్లి కేలాంగ్ వైపు వెళ్లే లారీ ఆపి, డ్రైవరుతో మాట్లాడి, నన్నూ సైకిల్‌నీ ఎక్కించింది. బారాలాచా ఎక్కుతున్నంతసేపూ తల బద్దలైపోతుందనిపించింది. సాయంత్రం కేలాంగ్‌లో, 3,080 మీటర్ల దగ్గర, ఒక ప్లేటు రాజ్మా అన్నం పూర్తిగా తిన్నాను.

ఆ ఏడాది సీజన్ ముగియబోతుండటం వల్ల సర్చూలో అప్పటికే చాలా గుడారాలు ఎత్తేశారు. ఆ ఒక్క ధాబా కూడా లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడానికి నాకు ఇప్పటికీ భయమే.

మరుసటేడు రాత్రుల లెక్క మార్చాను. మనాలిలో రెండు రాత్రులు, తర్వాత 3,300 మర్హీ, సిస్సు, జిస్పాలో రెండు రాత్రులు, 3,800 పట్సియో, అప్పుడు జింగ్‌జింగ్‌బార్, సర్చూ, 4,600 పాంగ్, డెబ్రింగ్, రూమ్‌ట్సే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి అన్నది కొండ వైద్యులు చెప్పే నియమం. నా లెక్కలో జిస్పా నుంచి పట్సియో మాత్రం దీనికి కాస్త మించుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయమాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయలుదేరే ముందే డాక్టరుని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. తలనొప్పితో ఉన్న రోజు పైకి వెళ్లకూడదు. తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆ క్షణమే కిందికి.

పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానం సుమారు 40 కిలోమీటర్ల చదును. చదునే కదా అని పదింటికి బయలుదేరితే మధ్యాహ్నం ఎదురుగాలిలో నడకంత వేగం కూడా రాదు. తెల్లవారగానే మొదలుపెట్టి ఒంటిగంటకి ముగించండి. ఇంకో ముఖ్యమైన మాట. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

సైకిల్ సంగతి

కొత్త ఖరీదైన సైకిల్ కొనాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఒక్క లెక్క చూసుకోండి. ముందున్న అతిచిన్న చైన్‌వీల్ పళ్ల కన్నా వెనక ఫ్రీవీల్‌లోని అతిపెద్ద చక్రం పళ్లు ఎక్కువ ఉండాలి. ముందు 26, వెనక 34 ఉంటే 15 కిలోల సంచులతో కూడా కూర్చునే ఎక్కొచ్చు. రోడ్డు సైకిళ్లలో చాలావాటికి ఇది ఉండదు, మోకాళ్లు పోతాయి. సామాన్య ఎంటీబీకి (కొండదారుల సైకిల్‌కి) క్యారియర్ బిగించుకోవడం ఎంతో నయం. టైరు కనీసం 1.75 అంగుళాలు.

ట్యూబు వాల్వు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మోటారు బండ్లకి ఉండే లావు వాల్వు ట్యూబులే వాడండి. చింతపల్లిలో అయినా, రాంపూర్‌లో అయినా పంచర్ షాపులో గాలి పట్టేది దానికే. సన్న వాల్వు ఉంటే మీ చేతి పంపు ఒక్కటే దిక్కు. బ్రేకు ప్యాడ్లు రెండు జతలు తీసుకెళ్లండి, బురద దారిలో నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. చైన్ తెగితే కలిపే లింకులు, నాలుగు స్పోకులు, గేర్ కేబుల్ ఒకటి. ఇవి బిగించడం ఇంట్లో ఒకసారి చేసి చూడకుండా బయలుదేరొద్దు.

రైల్లో సైకిల్‌ని పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో పంపాలి. గేర్ల పక్క అట్టముక్కతో గట్టిగా కట్టండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పండి. మన రైలు కన్నా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చని ముందే సెలవు లెక్కలో కలుపుకోండి.

తిండి, డబ్బు

మన్యంలో తిండికి చింత లేదు. అన్నం, పప్పు ఎక్కడైనా దొరుకుతుంది. హిమాలయాల్లో పది రోజులు దాటితే పరాఠాలు, మ్యాగీ మొహం మొత్తుతాయి. ఎత్తు మీద ఆకలి కూడా చచ్చిపోతుంది, తినకపోతే మర్నాడు తొక్కలేరు. నేను పావు కిలో కందిపొడి, చిన్న సీసాలో ఉసిరికాయ పచ్చడి పట్టుకెళ్తాను. ధాబాలో వేడన్నంలో అది కలుపుకుంటే రెండో పళ్లెం అడుగుతాను. సొంతంగా వండుకుందామనుకునేవాళ్లకి ఒక మాట: 4,500 మీటర్ల దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు, గ్యాసు అయిపోతుంది. అటుకులు, సున్నుండలు, పల్లీ చిక్కీ ఎక్కువ పనికొస్తాయి.

నాకు మన్యం వారం రోజులకి 7,000 రూపాయల లోపే అయింది. స్పితికి రైలుతో కలిపి మూడు వారాలు, 30,000 దాకా. లేహ్ నుంచి విమానంలో తిరిగి వస్తే మనాలి–లేహ్ ఇంకా ఎక్కువ. మూడింటిలోనూ సగం డబ్బు నోట్లుగా ఉంచుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌లో చెల్లించలేం.

సెలవు పది రోజులే ఉండి హిమాలయాలే కావాలంటే, మనాలి–లేహ్‌ని పది రోజుల్లో కుదించొద్దు. సిమ్లా నుంచి కల్పా దాకా వెళ్లి రండి. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లొచ్చా అని అడుగుతుంటారు. కిన్నౌర్, స్పితిలో చాలా హోంస్టేలు ఆడవాళ్లే నడుపుతారు, ఆ దారిలో ఒంటరిగా వచ్చిన అమ్మాయిలని నేను ముగ్గురిని కలిశాను. చీకటి పడకముందే గది దొరకబుచ్చుకోవడం అనే నియమం అందరికీ ఒకటే.

ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి

మా అమ్మకి నేను ఒక కాగితం రాసి ఇస్తాను. ఏ రాత్రి ఏ ఊళ్లో, ఆ ఊళ్లో సిగ్నల్ ఉంటుందా ఉండదా, ఫోన్ రాకపోతే ఎన్ని రోజులు ఆగాలి, ఆ తర్వాత ఏ పోలీసు స్టేషన్‌కి చేయాలి. స్పితి కాగితంలో లోసర్, బాతల్, ఛత్రు పక్కన "ఫోన్ రాదు" అని ఎర్ర సిరాతో రాశాను. ఆ మూడు రాత్రులూ ఆవిడ క్యాలెండరు మీద ఒక్కో తేదీ కొట్టేసుకుంటూ కూర్చుందట. నాలుగో రోజు మధ్యాహ్నం సిస్సులో సిగ్నల్ రాగానే చేశాను. ఫోన్ ఎత్తుతూనే, "పొద్దున్నకి రావాలి కదా, మధ్యాహ్నం అయిందేం?" అంది. అప్పటి నుంచి కాగితంలో ఊరి పేరు పక్కన గంట కూడా రాస్తున్నాను, దానికి సగం రోజు కలిపి.